పెళ్ళిలోకి వచ్చిన తల్లి

గల్ఫ్‌లో ముషైరిబ్ అనే చోట ఒక ప్రదర్శన కోసం సామాన్ల పెట్టెలు విప్పడం నా డ్యూటీ. ఆ రోజు విప్పిన పెట్టెలో ఒక రాతి తల్లి కూర్చుని ఉంది. ఇరుపక్కలా సింహాలు, చేతిలో డప్పు. మా ఎల్లమ్మే ఎదురొచ్చినట్టనిపించి, కాళ్ళకున్నవి విడవాలా అని తడబడ్డాను. సేఫ్టీ బూట్లు విడిస్తే ఫోర్‌మన్ ఊరుకోడు.

విగ్రహాల వెంట వచ్చిన తుర్కీ మేడమ్ నా తడబాటు చూసి నవ్వింది. నాకు అర్థమయ్యే చిన్న చిన్న ఇంగ్లిష్ మాటల్లో కథ చెప్పింది. ఈమె ఫ్రిజియా అనే పాత దేశపు కొండల తల్లి. గ్రీకులు కిబెలె అని పిలిచి, తమ దేవతలను కన్న రేయాతో కలిపేసుకున్నారట. ఈమెకు ఇష్టుడైన అత్తిస్ అనే యువకుడు ఈమెను మరిచి పెళ్ళికి కూర్చున్నాడు. పాటలు సాగుతుండగానే తల్లి పెళ్ళిలోకి వచ్చింది. ఆమెను చూడగానే అతనికి పిచ్చెత్తింది. పరుగెత్తిపోయి, ఒక చెట్టు కింద తన మగతనాన్ని తానే కోసుకుని చచ్చిపోయాడు.

మేడమ్‌కు అది కథే. నాకు మాత్రం కాదు. ఇంకో పన్నెండు రోజుల్లో నా పెళ్ళి. మా ఇంట్లో ముందు ఎల్లమ్మ పండుగ చేయనిదే పెళ్ళి పందిరి వేయరు. పోయిన వారం అమ్మ ఆ మాట ఎత్తితే, పది రోజుల సెలవులో పండుగలేమిటని ఫోన్‌లోనే కసిరాను. నాకు ముక్కు మీదే కోపం. అమ్మ మాట మార్చేసింది.

మధ్యాహ్నం విరామం ఇచ్చారు. మెట్రో స్టేషన్ నీడలో నిలబడి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, నేను రాంగనే ఎల్లమ్మ పండుగ చేద్దాం. నాకు శానా భయమైతుంది."

కొంపదీసి మొక్కేదైనా తప్పిందా అని కూడా అడిగాను.

"పండుగ అయిపోయింది బిడ్డా," అంది అమ్మ. "మొన్న మంగళవారం చిన్నమ్మోళ్ళింట్ల చేసిన. నువ్వు దుబాయ్‌ల మంచిగుండాలె గద." అమ్మకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

"మరి నాకెందుకు చెప్పలే?"

"తెలిస్తె మల్ల కోపం జేస్తవని. ఎల్లమ్మకు భయపడి చేసిన, నీకు భయపడి దాసిపెట్టిన."

నన్ను కన్న తల్లి నాకు భయపడుతోంది. సిగ్గేసింది.

"ఇంకెన్నడు కసరనమ్మా," అన్నాను.

"మంచిది బిడ్డా," అంది, ఇంకా భయపడుతూనే.