పదకొండు తోటలకు ఒకే దారి

నాకు కోపం ఎక్కువ. ఇది ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు. ఎవరైనా ఏదో ఒకటి నొక్కేసి "మీ సైటు పనిచేయడం లేదు" అంటే నాకు ఒళ్ళు మండేది. పదేళ్ళుగా వెబ్‌సైట్లు రాసి రాసి నాకొక నమ్మకం కుదిరిపోయింది. కంప్యూటర్ అబద్ధం చెప్పదు, చెప్తే గిప్తే మనుషులే చెప్పాలి అని. ఆ నమ్మకంతోనే ఒక ఎండాకాలంలో, శింగనమల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మను ఆఫీసులో నిలబెట్టి అబద్ధాలకోరు అన్నాను.

అనంతపురంలో మాది ముగ్గురు మనుషుల ఆఫీసు, టైర్ల అంగడి మీద మేడగది. యజమానిని మేమంతా అన్నా అనే పిలుస్తాం. ఆ ఏడు బోర్లు వరసగా ఎండిపోయి చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, వడలిపోతుంటే, ఒక సంస్థ ట్యాంకర్లతో తోటలకు నీళ్ళు పోయిస్తామని ముందుకొచ్చింది. రైతులు ఫోన్‌లో మూడు ఫోటోలు పంపాలి: తోట, బోరు, పాసుబుక్కు. సంస్థలో ఒక అధికారి వాటిని తెర మీద చూసి, ఏ తోటకు ముందు నీళ్ళు పోవాలో, దేనికి అక్కర్లేదో తేలుస్తాడు. ఆ సైటు పని మా అన్న ఒప్పుకుని వచ్చాడు. ఒప్పుకోవడం ఆయన వంతు, రాయడం నా వంతు.

నాకంటే ముందు ఒకతను సగం రాసి బెంగళూరులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. అతను రాసింది తెరిచి చూస్తే నాకు తల తిరిగింది. కంప్యూటర్‌లో ప్రతి ఫోటోకూ ఒక దారి ఉంటుంది. ఏ ఫోల్డరు, అందులో ఏ ఫోల్డరు, చివర ఆ ఫోటో పేరు. ఉత్తరం మీద జిల్లా, ఊరు, ఇంటిపేరు రాసినట్టే. అతను ఆ దారిని ఫోటో పంపే పేజీలో ఒకసారి, అధికారి చూసే పేజీలో ఇంకోసారి, రైతుకు చూపించే పేజీలో మరోసారి, ఇలా ఎక్కడ అవసరమైతే అక్కడ చేత్తో రాసుకుంటూ పోయాడు. ఫోల్డరు పేరు ఒక చోట మారిస్తే మిగతా చోట్ల ఫోటోలు మాయమయ్యేవి. పైగా ప్రతి ఫోటో పేరు వెనక పొడవాటి అంకెల తోక ఒకటి తగిలించాడు. అది ఎందుకో నాకు అర్థం కాలేదు, అడుగుదామంటే అతను ఫోన్ ఎత్తడు.

వారం రోజులు కూర్చుని అంతా ఊడ్చి శుభ్రం చేశాను. దారులన్నీ ఒకే ఫైలులోకి తెచ్చాను. ఏ పేజీకి ఏ ఫోటో కావాలన్నా ఆ ఒక్క ఫైలునే అడగాలి. మార్పు చేస్తే అక్కడ ఒక్కచోట చేస్తే చాలు. అంకెల తోకలు కత్తిరించేశాను. ఊరి పేరుతో ఒక ఫోల్డరు, అందులో రైతు ఫోన్ నంబరుతో ఒక ఫోల్డరు, అందులో 'తోట', 'బోరు', 'పాసుబుక్కు' అని మూడు ఫోటోలు. అదే రైతు మళ్ళీ ఫోటో పంపితే పాతది పోయి కొత్తది దాని స్థానంలో కూర్చుంటుంది. సర్వర్‌లో చోటు వృథా కాదు. అన్నను పిలిచి చూపించాను. చాలా రోజుల తర్వాత నా పని నాకే ముద్దొచ్చింది.

నేను మర్చిపోయింది ఒకటుంది. మర్చిపోయాను అనడానికి కూడా నాకు హక్కు లేదు. నేను పుట్టింది బుక్కరాయసముద్రంలో. మా నాయన పరుపులు కుట్టేవాడు. మా వీధి మొత్తానికి ఒకటే ఫోన్ నంబరు, మూలనున్న సోడా అంగడిది. నా బడి దరఖాస్తులో అదే నంబరు, మా అక్క పెళ్ళి పత్రికలో అదే నంబరు, పక్కింటి డ్రైవరన్న లైసెన్సు కాగితంలోనూ అదే. ఎవరికి ఫోన్ వచ్చినా సోడా అంగడాయన వీధిలోకి వచ్చి కేకేసేవాడు. అలాంటి వీధిలో పెరిగినదాన్ని, ఒక నంబరు అంటే ఒక మనిషి అని రాసి పెట్టాను. పట్నంలో ఎవరో రాసి ఉంటే తెలియక రాశారనుకోవచ్చు.

శింగనమల చెరువుకు ఎగువన, మెట్ట మీద ఉన్న ఆ ఊళ్ళో పదకొండు చీనీ తోటలు నీళ్ళకు దరఖాస్తు పెట్టాయి. అక్కడ అందరి తరఫునా ఫోన్ పని చేసిపెట్టేది కిరాణా అంగడాయన. ఆయన దగ్గర మంచి ఫోన్ ఉంది, అంగడి ముందు సిగ్నలు ఉంది, అంతకు మించి ఓపిక ఉంది. ఒక రోజు పొద్దుననుంచి తోట తోటకూ తిరిగి ఫోటోలు తీసుకొచ్చి, మధ్యాహ్నం అంగడి అరుగు మీద కూర్చుని, పదకొండు మందివీ ఒకదాని వెనక ఒకటి తన నంబరుతోనే పంపాడు. పాసుబుక్కు నంబర్లు వేరు కాబట్టి దరఖాస్తులు పదకొండూ విడివిడిగానే నమోదయ్యాయి. ఫోటోలు మాత్రం నేను వేసిన దారినే పోయాయి. రెండోది మొదటిదాన్ని తుడిచేసింది, మూడోది రెండోదాన్ని. చివరికి మిగిలింది ఆయన తమ్ముడి తోట. ఆ తమ్ముడికి కిందటేడే కొత్త బోరు పడింది. తోట నిగనిగలాడుతోంది.

అధికారి పదకొండు దరఖాస్తులు తెరిచాడు, పదకొండింటిలోనూ పచ్చటి తోట చూశాడు. తోట పచ్చగా ఉంటే మిగతా రెండు ఫోటోలు ఆయన తెరవడు. 'తోట పచ్చగా ఉంది, నీళ్ళు అవసరం లేదు' అని రాసి మూసేశాడు. రోజుకు వందల ఫోటోలు చూసే మనిషి, పచ్చటి తోటలన్నీ ఆయనకు ఒకేలా కనబడి ఉంటాయి. ముందున్న గందరగోళమే ఉండి ఉంటే ఒక పేజీలో ఒక తోట, ఇంకో పేజీలో ఇంకో తోట కనబడి ఎవరికో ఒకరికి అనుమానం వచ్చేది. నేను శుభ్రం చేశాను కాబట్టి తప్పు కూడా అన్ని పేజీల్లోనూ ఒకే రకంగా కనబడింది.

రెండు రోజులకు పెద్దమ్మ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. మేడమెట్లు ఎక్కి రొప్పుతూ, చేతిలో పాసుబుక్కు పట్టుకుని నిలబడింది. సంస్థ ఆఫీసుకు పోతే, ఫోటోల సంగతి కంప్యూటరోళ్ళను అడగమని ఇక్కడికి పంపారట.

"నీళ్ళు వద్దని రాసినారంట పాపా. నా చెట్లు సస్తాండాయి" అంది.

ఆమె పాసుబుక్కు నంబరు కొట్టి, తోట ఫోటో తెరిచి, తెర ఆమె వైపు తిప్పాను. ఆమె వంగి చాలాసేపు చూసింది.

"ఇది నా తోట గాదు. నా తోటలో నడిమధ్యన పెద్ద రాతి గుండు ఉండాది. ఇంత పచ్చగుంటే నేనేంటికి వస్తా ఈడికి?"

"నీ దరఖాస్తులో నీ నంబరుతో వచ్చిన ఫోటోనే ఇది పెద్దమ్మా. దానంతట అది మారదు."

"నాకు ఫోన్ యాడిది? అంగడాయన తీసినాడు."

అక్కడ ఆగాల్సింది. ఆ ఒక్క మాట పట్టుకుని అంగడాయన నంబరు ఇంకెన్ని దరఖాస్తుల్లో ఉందో వెతికి ఉంటే అరనిమిషంలో బయటపడేది. నాకు ఆ పొద్దున వేరే పని మీద చిరాకుగా ఉంది. "నీది గాకపోతే ఎవరిదో ఫోటో పెట్టినట్టు గదా. అసలు నీకు తోట ఉండాదా? ఇట్ల అబద్ధాలు చెప్పేవాళ్ళ వల్లనే నిజంగా అవసరమైనోళ్ళకు నీళ్ళు అందేది లేదు" అన్నాను. గట్టిగానే అన్నాను. అన్న తన గదిలోంచి తొంగి చూసి మళ్ళీ తలుపు వేసుకున్నాడు.

ఆమె పాసుబుక్కు కొంగులో చుట్టుకుని మెట్లు దిగిపోయింది.

పదమూడు రోజుల తర్వాత కిరాణా అంగడాయన ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఎట్లుండాయో సూద్దామని అందరి అప్లికేషన్లు తెరిచినా. అన్నిట్లోనూ మా తమ్ముని తోటే ఉండాది. ఇదేంది కథ?" అన్నాడు, మామూలుగా, ధర అడిగినట్టు.

నేను ఫోన్ పెట్టకుండానే ఆ ఫోల్డరు తెరిచాను. ఒకే నంబరు. అందులో ఒకే తోట ఫోటో. పదకొండు దరఖాస్తులూ దాని వైపే చూపిస్తున్నాయి. ఆ అంకెల తోక ఎందుకో అప్పుడు అర్థమైంది. ఏ రెండు ఫోటోలూ ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండడానికి అతను దాన్ని తగిలించాడు.

ఆ రోజంతా పోయిన ఫోటోల కోసం వెతికాను. సర్వర్ రోజుకొకసారి నకలు తీసి దాచుకుంటుంది. కానీ పదకొండూ ఒకే మధ్యాహ్నం వచ్చాయి. ఒక్కొక్కటి బతికింది ఐదారు నిమిషాలు. నకలు తీసే వేళకు మిగిలింది తమ్ముడి తోట ఒక్కటే. అంగడాయన ఫోన్‌లో అయినా ఉంటాయని మళ్ళీ ఫోన్ చేశాను. "మెమరీ నిండిపోయిందని పంపినవి పంపినట్టే తీసేసినా కదమ్మా" అన్నాడు. తుడిచేసిన ఫైళ్ళను లేపే సాఫ్ట్‌వేర్లు మూడు తెచ్చి నడిపించాను. ఫోటోలు దొరికితే పదమూడు రోజులు వెనక్కి వస్తాయన్నట్టు వెతికాను. దొరికినా రావని తెలుసు.

మర్నాడు పొద్దున అన్నకు చెప్పాను. ఆయన కాసేపు నెత్తి పట్టుకుని, "ఎవురికీ చెప్పాకు. మెల్లగా సరిజేద్దాం. సంస్థోళ్ళకు తెలిస్తే ఇంగ మన మొగం సూడరు" అన్నాడు.

"మెల్లగా అంటే చెట్లు ఆగుతాయా అన్నా?" అన్నాను. ఆయన ఎదుటే సంస్థకు ఫోన్ చేసి, తప్పు నాదేనని, పదకొండు తోటలనూ మళ్ళీ చూడాలని చెప్పాను. ఫోన్ అవతల అధికారి పదకొండు పాసుబుక్కు నంబర్లూ అడిగి రాసుకున్నాడు. కొత్త ఫోటోలు ఆ సాయంత్రంలోగా పంపితే మర్నాడే ట్యాంకర్లు పంపుతానన్నాడు. అయితే ప్రాణం ఉన్న చెట్లకే నీళ్ళు, ఎండిపోయిన తోటకు పోస్తే ఇంకొకరి తోట పోతుంది అన్నాడు. అందులో కాదనడానికి ఏమీ లేదు.

అప్పటికప్పుడు స్కూటీ మీద బయల్దేరాను. ఎండకు హెల్మెట్ లోపల మాడు కాలిపోతోంది. అంగడాయన నన్ను తోటల చుట్టూ తిప్పాడు. ఆకులు ముడుచుకుని, సగం రాలి ఉన్నా, తొమ్మిది తోటలు ఇంకా ప్రాణం పట్టుకుని ఉన్నాయి. తమ్ముడి తోట సరేసరి. ఒక్కొక్కటీ నా ఫోన్‌తోనే తీసి, ఒక్కొక్కటీ విడిగా అధికారి ఫోన్‌కే పంపి, చేరిందా లేదా అని చూసుకుని కదిలాను. పెద్దమ్మ తోట చివర ఉంది, ఊరికి అందరికంటే ఎగువన. ఆమె బోరు అందరికంటే ముందే పోయిందట.

తోట నడుమ పెద్ద గుండు ఉంది. దాని నీడలో ఆమె కూర్చుని ఉంది. చుట్టూ తొమ్మిదేళ్ళ చెట్లు, నూటపది. ఆకు లేదు. నేను మొదటి చెట్టు దగ్గరికి పోయి స్కూటీ తాళంచెవితో బెరడు గీరాను. బెరడు కింద పచ్చగా ఉంటే చెట్టు ఇంకా బతికున్నట్టు. గోధుమరంగు. రెండో చెట్టు గీరాను. మూడోది. ఎక్కడో ఒక చెట్టు పచ్చగా దొరికితే ఫోటో తీసి పంపేద్దామని వరస వెంట వరస గీరుకుంటూ పోయాను. ఎన్ని గీరానో తెలియదు. ఏడుపు వస్తున్నా ఆపుకోలేదు.

"ఎన్ని గీరినా అంతే" అంది ఆమె, కూర్చున్న చోటి నుంచే. "పోయిన వారం గీరి సూసినా. అప్పుడు పచ్చగనే ఉండె."

దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఫోల్డరు, దారి, నంబరు అన్నీ చెప్పబోయి, ఆమెకు అక్కర్లేదనిపించి, "ఫోటో మార్చింది నేను పెద్దమ్మా, నువ్వు కాదు" అన్నాను. క్షమించమని అడిగాను. ఆమె ఆ మాట వినలేదో, విననట్టు ఉందో.

"నువ్వు అన్న మాట ఊర్లో చెప్పినా, ఇట్లన్యారు అని. నేను ఎవురిదో తోట ఫోటో పెట్టిచ్చినందుకే ఊరందరికీ నీళ్ళు ఆపినారనుకున్నారు. పద్నాలుగు దినాలుగా నాతో సరింగ మాట్లాడేటోళ్ళు లేరు" అంది. "రా. వాళ్ళ ముందర చెప్పు."

నేను ఆమె వెనక నడిచాను. అంగడి ముందు తోటలవాళ్ళు అప్పటికే చేరి ఉన్నారు, ట్యాంకర్ల సంగతి తెలిసి. జీవితంలో నేను ఎవరి ముందూ తప్పు ఒప్పుకున్నదాన్ని కాదు. మొదటి మాట రెండుసార్లు అనాల్సి వచ్చింది. ఈమె ఏ అబద్ధమూ చెప్పలేదని, ఫోటోలు కలిసిపోయింది నా వల్లేనని, మీ అందరి నీళ్ళూ ఆగింది నా వల్లేనని చెప్పాను. ఎవరూ కోప్పడలేదు. రేపు ట్యాంకరు పొద్దున వస్తుందా మధ్యాహ్నం వస్తుందా అని ఒకాయన అడిగాడు. పొద్దున్నే అన్నాను.

అంతా అయిపోయిందనుకుని తిరగబోతుంటే పెద్దమ్మ నన్ను ఆపింది. అందరూ వింటుండగా, కోపం లేకుండా, తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"నేను మీ ఆఫీసుకొచ్చిన పొద్దు నా మాట నమ్మింటే, నా చెట్లు బతికేటివి కదా?"

అబద్ధం చెప్పాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను.

"బతికేటివి పెద్దమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి, అంగడి అరుగు మీద కూర్చుంది. పక్కనున్న ఆమె జరిగి చోటిచ్చింది.