ఒళ్ళో డల్సిమర్

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే భయంతో పాత ప్రోగ్రాములన్నీ తిరగేస్తున్న రోజులవి. సిడ్నీ రైల్లో నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, పక్క సీటులోని పెద్దాయన పలకరించాడు. హైదరాబాదు మనిషి, ఇక్కడ వడ్రంగి. ఆయన ఒళ్ళో పొడవాటి తీగల వాద్యం ఉంది.

"డల్సిమర్ అంటరమ్మా, నేనే చేసిన. చేసినోని చెవిని నమ్మొద్దు, ఎవరికన్న ఇచ్చేముందు కొత్తోళ్లతోని మీటిపియ్యాలె అంటరు వాద్యాలు చేసే మా క్లబ్బోళ్ళు. మిషన్ల మోతకు నాకు సన్న సప్పుడు ఇనబడదు గూడ. నువ్వేం పని చేస్తవ్?"

"ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతాను అంకుల్."

"గట్లయితే నువ్వే కావాలె నాకు. మీటి చూడు."

మీటాను. మూడో తీగ జీరగా మోగింది. ఆయన ఆశగా నా మొహంలోకే చూస్తున్నాడు.

"చాలా బాగుంది అంకుల్!"

తీగ అదురు ఇంకా తెలుస్తోందేమో, చెక్క మీద ఆనించిన అరచేతిని ఆయన కాసేపు తీయలేదు.

"మా ఇంట్ల గూడ గిట్లనే అంటరు," అని నవ్వి, పెన్సిల్‌తో సరిగ్గా మూడో తీగ కింద గుర్తు పెట్టుకున్నాడు.

దిగేటప్పుడు నాకు థాంక్స్ కూడా చెప్పాడు. ఆ పూట ఆఫీసుకు వెళ్ళగానే, అంతా సరిగ్గా ఉందని ముందురోజు నేను సంతకం పెట్టిచ్చిన ప్రోగ్రాము ఒకటి, మళ్ళీ చూస్తానని అడిగి వెనక్కి తెచ్చుకున్నాను.