మానసకు తొంభై ఆరు

2023 ఎండాకాలం. కామారెడ్డిలో ఒక బట్టల దుకాణం పైన అద్దె గదిలో నేను క్యాట్‌కి కోచింగ్ చెబుతున్నాను. ఎంబీఏ కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్షల్లో అది పెద్దది. మా పనిలో పాఠం చెప్పడం సులువు. ఫలితాలొచ్చాక "మళ్లీ రాయాలా, వచ్చిన సీట్లో చేరాలా" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పడమే కష్టం.

ఆ ఏడు నా దగ్గర చదివిన మానసకు తొంభై ఆరు పర్సంటైల్ వచ్చింది. సంతోషించాల్సిందే. కానీ ఆ పిల్ల చివరి నెలలో హైదరాబాద్ వెళ్లి ఒక పెద్ద కోచింగ్ సంస్థలో మాక్ టెస్టులు, అంటే నమూనా పరీక్షలు, రాసింది. అంతే, వాళ్లు మా బస్టాండ్ ఎదురుగానే "మా విద్యార్థిని" అంటూ ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టేశారు. భిన్నాల దగ్గర్నుంచి నేర్పింది నేను, పేరు వాళ్లది! కడుపు భగ్గుమంది. కూరగాయలకు కూడా ఆ దారిన పోవడం మానేశాను.

అలాంటి రోజుల్లో ఎల్లారెడ్డి నుంచి శ్రీలత, వాళ్లమ్మ వచ్చారు. శ్రీలత మానసకు మేనత్త కూతురు. ఇద్దరూ నా దగ్గర ఒకే బెంచీ మీద కూర్చుని చదివారు. శ్రీలతకు ఎనభై ఎనిమిది వచ్చింది. హైదరాబాద్‌లో మంచి కాలేజీలోనే సీటు వచ్చింది. చేరతానో లేదో శనివారంలోగా చెప్పాలి.

"సీటు వద్దు మేడం. లాంగ్ టర్మ్ కొడత," అంది కూర్చోకముందే. పరీక్ష మళ్లీ రాయడానికి ఏడాది ఆగి చదవడాన్ని మా వైపు లాంగ్ టర్మ్ అంటారు.

"ఉన్న సీటు పోతే మళ్లొస్తదని ఏం నమ్మకం?"

"ఎనిమిది మార్కులే గద మేడం తక్కువైనయి. ఏడాదిల రావా?"

వాళ్లమ్మ అందుకుంది. "మా వదిన పనిగట్టుకొని ఫోన్ జేసింది మేడం. 'మా పొల్లకు తొంభై ఆరు, మీ పొల్లకెంత?' అని. తెలువదా ఆమెకు? ఎట్లనన్న జేసి మల్ల రాయించుండ్రి. బీడీలు జేసుకుంటనన్న సదివిస్త."

ఆ తల్లి మీద నాకెంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. ఆశ కూడా లేచింది. ఈ పిల్ల మళ్లీ రాసి తొంభై ఎనిమిది తెస్తే నేనూ కడతాను ఫ్లెక్సీ, సరిగ్గా వాళ్ల ఫ్లెక్సీ పక్కనే!

కానీ లెక్కల టీచర్‌ని, తప్పు లెక్క వింటూ ఊరుకోలేను. "అవి మార్కులు కావు బిడ్డా. పర్సంటైలంటే నూరు మందిల నీ వెనక ఎంతమంది ఉన్నరో చెప్పేది. నువ్వు దాటాల్సింది మనుషులను. వాళ్లు గూడ కూసొని చదువుతనే ఉంటరు గద."

శ్రీలత మొహం మాడిపోయింది. ఆమె జవాబు పత్రం ఫోన్‌లో తెరిపించాను. తెలిసిన లెక్కలు తొందరలో పోగొట్టుకుని ఉంటే మళ్లీ రాయమనడం మా పద్ధతి. అలాంటివి లేవు. ఇంగ్లిష్ పాసేజీలు నెమ్మదిగా చదివి సగం వదిలేసింది. ఆ వేగం ఏడాదిలో వస్తుందని నేను మాట ఇవ్వలేను.

"ఒక్కటి చెప్పు. మానసకు ఎనభై ఐదే వచ్చుంటే లాంగ్ టర్మ్ అందువా?"

"ఎందుకంట మేడం? ఈపాటికి స్వీట్లు పంచేదాన్ని," అంది శ్రీలత కళ్లు తుడుచుకుంటూ. "దానికంటె నేనే మంచిగ చదివేదాన్ని, మీకెరికే గద! నిద్ర పడతలేదు నాకు. మీరైతే ఏం జేస్తరు?"

"నేనైతే మంటకొద్ది మళ్లా రాసేదాన్ని. మానస పేరు చెప్తే నాకు గూడ మండుతది. అందుకే నా మాట వినకు."

వాళ్లమ్మ నోరు తెరిచింది. శ్రీలత ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. నవ్వు ఆగాక ఫోన్ తీసి, సీటు ఒప్పుకుంటున్నానని నొక్కింది. వాళ్లమ్మ మాత్రం మెట్లు దిగేదాకా గొణుగుతూనే ఉంది. "ఇగ మా వదినకేం జెప్పాలె?"

అప్పట్నుంచి మళ్లీ రాస్తానని ఎవరొచ్చినా, ముందు ఎవరి మీద మంట అని అడుగుతున్నాను. పేరు టక్కున చెబితే వారం ఆగి రమ్మంటాను. పేరేమీ లేకపోతేనే జవాబు పత్రం తెరుస్తాను.

దసరాకి ముందు శ్రీలత ఫోన్ చేసింది. "క్లాసుల అందరు నాకంటె ముందే ఉన్నరు మేడం. ఎవలెవలను చూసి కుళ్లుకోవాలె? మానసను యాది జేసుకునే టైమే దొరుకుతలేదు."

అదృష్టవంతురాలు. నా క్లాసులో నాకంటే ముందున్నవాళ్లెవరూ లేరు. ఆ ఫ్లెక్సీని తలుచుకోవడానికి నాకు బోలెడంత తీరిక.