కాటా కోటయ్య తూచిన అయిదుగురు

కాటా కోటయ్య మామయ్య దివంగతులయ్యారన్న దుర్వార్త మొన్న తెల్లవారుతూనే నరసరావుపేట మైదానంలో నా చెవిన పడింది. నోట్లో విజిల్ ఉండగానే నిట్టూర్చాను. ఆ కూతకు నేను బాస్కెట్‌బాల్ నేర్పే ఆడపిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

కీర్తిశేషులు నాకు రక్తబంధువులు కారు. మా వీధివారు, ఆ వరసన మామయ్య. దాచేపల్లి దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో ఉద్యోగపర్వమంతా లారీల కాటా దగ్గరే గడిపారు. లోడు లారీని తూచి, ఖాళీ లారీని తూచి, తీసివేస్తే మిగిలిందే రాయి. హిమాలయాన్ని రెండు ట్రిప్పుల్లో తోలుకొచ్చినా కిలో తేడా రాకుండా చెప్పగల మహనీయుడు! రిటైరయ్యాక మా బాస్కెట్‌బాల్ కోర్టు మెట్ల మీద పొడుగాటి పుస్తకంతో వెలిశారు. బంతిని మాత్రం ఏనాడూ ముట్టుకున్న పాపాన పోలేదు.

నేను ఒక పిల్లను తీసి మరొకరిని దింపిన ప్రతిసారీ, కోర్టులో ఉన్న అయిదుగురి పేర్లూ, అప్పటికి రెండు జట్ల స్కోరూ రాసేవారు. ఆ అయిదుగురిలో ఎవరు మారినా మళ్లీ స్కోరు. రెండింటికీ తేడాయే ఆ అయిదుగురి బరువు. "బుట్టలో ఎవురేశారనేది జనం చూస్తారు. ఈళ్లున్నంతసేపూ మనం పెరిగామా, తరిగామా అనేది కాటా చూస్తది" అనేవారు.

మా జట్టులో నాగమణి అని లారీ డ్రైవరు కూతురు. ఆమె బుట్ట వేస్తే ఊళ్లో మూడు రోజులు సెలవు ప్రకటించాలి, అంత అరుదు. అందుకే ఆట ఆఖరి భాగంలో ఆమెను తీసి, తాటిచెట్టుకు తోబుట్టువులాంటి మరో పిల్లను దింపేవాణ్ణి. "బెంచీ మీద కూర్చోడానికైతే మా ఇంట్లో మంచం లేదా సారూ?" అని వాళ్ల నాన్న ఆట మాన్పించడానికి సిద్ధపడ్డాడు. ఆ వారమే మామయ్య పుస్తకం తెచ్చి నా ముక్కుకు ఆనించారు.

"ఏందిరా అల్లుడూ, గెలిపించే పిల్లని లాగేస్తన్నావు?"

"ఆ పిల్ల బుట్ట వెయ్యదు మామయ్యా!"

"అవతలోళ్లని ఎయ్యనిస్తందా? అది చూడు. ఆ పిల్లని తీసిన కాడ్నించి మనకి తరుగే."

"పాతికేళ్ల కోచ్‌ని, నాకు చెప్తారా?"

"పాతికేళ్ల లారీ అయినా కాటా ఎక్కాల్సిందే!"

మూడు రోజులు ఎడమొహం పెడమొహంగా తిరిగాం. నాలుగో రోజు ఆయనే వచ్చారు. "తప్పు నాదేరా" అన్నారు. అవతలి జట్టు మేటి పిల్ల అలుపు తీర్చుకుంటూ బెంచీ మీద ఉన్నప్పుడే నాగమణి ఎక్కువగా ఆడిందట. ఆ సంగతి ఆయన రాసుకోలేదట. "లోడుతో తూచినప్పుడు డ్రైవరు సీట్లో ఉన్నాడు, ఖాళీది తూచినప్పుడు టీకి దిగాడు. ఆడి బరువు కూడా రాయి కిందే కట్టా. కొత్తగా చేరినోడు చేసే పనిరా ఇది!"

నేను విజయగర్వంతో ఆరడుగులు ఎదిగేలోపే మళ్లీ అందుకున్నారు. "మాచర్లోళ్లతో ఫైనలుందిగా. ఆళ్ల మేటి పిల్ల ఉన్నంతసేపూ నాగమణిని తియ్యమాక. ఆ పిల్ల అసలు బరువెంతో తేలిపోద్ది. తరిగితే ఈ పుస్తకం పొయ్యిలో పెడతా."

ఫైనల్ ఆఖరి భాగం. అలవాటు కొద్దీ నాగమణిని తియ్యడానికి నా చెయ్యి లేచింది. మెట్ల మీద మామయ్య అరవలేదు, తల అడ్డంగా ఊపారంతే. ఆ చేతిని జేబులో ఖైదు చేశాను. నాగమణి ఆ రోజు ఒక్క బుట్టా వెయ్యలేదు. ఆఖరి భాగంలో మాచర్ల మేటి పిల్లనూ వెయ్యనివ్వలేదు. గెలిచాం. "మా పిల్ల ఏమీ ఎయ్యలేదుగా, దాన్నెత్తుకుని తిప్పుతారేంది?" అని తండ్రి తెల్లబోతే, మామయ్య పుస్తకం తెరిచి గంటసేపు విశదీకరించారు. మర్నాడు ఆ తండ్రే కూతుర్ని బండి మీద తెచ్చి ప్రాక్టీసుకి దింపాడు. నేను మామయ్యను త్రికాలజ్ఞుడని ఊరంతా చాటబోతే కసిరారు: "ఒక్క లారీ తూచి కొండ బరువు చెప్పమాక. ఇంకా రాయాల!"

పల్నాడులో నన్ను పొగిడినవారు, నా అంచనా ప్రకారం, కోట్లలో ఉంటారు. నా తప్పును అంత శ్రద్ధగా తూచి, తన తప్పును అంతకన్నా త్వరగా ఒప్పుకున్న పుణ్యమూర్తి ఒక్కరే. ఆయన చేత తప్పు పట్టించుకున్న కోచ్‌నని తలచుకుంటే గుండె మూరెడు ఉబ్బుతుంది.

మొన్నటి నుంచీ నేనెవరిని దింపినా, ఎవరిని తీసినా అందరూ "బాగుంది సార్" అంటున్నారు. మామయ్యా, నాకు భయంగా ఉంది.