ఎనక సీట్లో ఆడమనిషి

మా ఇంటాయన బండికి ట్యాంకు మీద ఒక సంచి ఉండాది. దాంట్లో ఎప్పుడూ ఒక తిరపతి లడ్డు కవరు మడిచి పెట్టి ఉంటాది. కవరే గానీ లడ్డు ఉండదు. పెండ్లికి పోయినా, పెద్దకర్మకు పోయినా, తిరిగి వచ్చేటప్పుడు ఆ కవరు తీసి హ్యాండిలుకు తగిలిస్తాడు. చూసినోళ్ళు కొండకు పోయి వస్తా ఉండారు అనుకోవాల. ఎనకాల నేను, తల్లో పూలు పెట్టుకోని. ఆ కవరూ నేనూ ఒకే పనికి.

ఏం పని అంటారా? పాకాల దాటి తిరపతి రోడ్డెక్కినాక యాడో ఒక చోట పోలీసోళ్ళు ఊదే మిషను పట్టుకోని నిలబడి ఉంటారు. ఒంటరిగా వచ్చే మొగోడిని ఆపి ఊదమంటారు. పెండ్లాం బిడ్డలతో వచ్చేవాడిని చూసి, పాపం ఫ్యామిలీ, పో అంటారు. ఇది చట్టంలో యాడా రాసి ఉండదు. మా పక్క మొగోళ్ళకు మాత్రం చట్టం కంటే ఇదే బాగా తెలుసు.

నా చిన్నప్పుడు ఈ తంటా లేదు. మా నాయన సంత నుంచి మోపెడ్డు మీద ఊగతా వచ్చేవాడు. మా అమ్మ మాట్లాడకుండా కంచం పెట్టేది. ఊర్లో వాళ్ళు "ఎంత తాగినా ఇల్లు తప్పడప్పా, గట్టి మనిషి" అని మెచ్చుకునేవాళ్ళు. తాగి బండి తోలేది తప్పని ఎవురికీ తోచలా. పడి కాలిరగ్గొట్టుకున్నోడిని టైం బాలేదు అనేవాళ్ళు. సచ్చినోడిని గూడా అదే మాట అన్నారు.

ఆ తర్వాత మిషన్లు వచ్చినాయి. మా మరిది దొరికినాడు. కోర్టులో నిలబెట్టి, జరిమానా వేసి, లైసెన్సు గుంజుకున్నారు. కొన్నాళ్ళు మనిషి ఇంట్లోంచి బయటికి రాలా. టీ అంగడి కాడికి గూడా పోలా. హమ్మయ్య, ఒకడికి సిగ్గొచ్చింది, ఇంక అందరూ బాగుపడతారు అనుకున్నాను నేను, పిచ్చిదాన్ని. నిజంగానే ఆ కాలంలో ఫంక్షను ఉంటే మొగోళ్ళు బస్సుకు పోయినారు. మా ఇంటాయన గూడా బస్సెక్కినాడు. పెండ్లైనాక నేను కడుపు నిండా నిద్రపోయింది ఆ రోజుల్లోనే.

ఆ ముచ్చట ఎంతో కాలం నిలవలా. ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ముందర పోయినోడు ఎనకొచ్చేవాళ్ళకు చెప్తాడు, బ్రిడ్జి కాడ ఉండారు, లోపలి దోవన రండి అని. చెప్పినోడు దేవుడు. దాని తర్వాత ఈ ఆడోళ్ళ ఉపాయం కనిపెట్టినారు. పెండ్లాం రానోళ్ళు ఫంక్షన్లో నా ఎనకాల పడతారు. "వదినా, చెకింగు దాటేదాకా నా బండి మీద కూసోండి, దాటంగానే దించేస్తా, అన్న ఈ పొద్దు తాగలా గదా, ఎనకాలే వచ్చి ఎక్కించుకుంటాడు" అని మా మరిదే ఒకసారి బతిమలాడినాడు. కోర్టులో నిలబడిన ఆ మరిదే. ఇప్పుడు ఎవురైనా దొరికితే మా వాళ్ళు తాగినాడని తిట్టరు. ఆడమనిషి లేకుండా ఎట్ల బయలుదేరినావురా తెలివి లేనోడా అని నవ్వుతారు.

పోయిన ఏడాది చిత్తూరు పక్క మా చెల్లెలు కొత్త ఇంట్లో చేరింది. ఆ విందుకు పోయి సాయంత్రం, ఇంకా వెలుతురుండంగానే తిరిగి బయలుదేరినాం. ఈయన నోటి వాసన ఎనక సీటు దాకా కొడతా ఉండాది. పోలీసాయన మా పూలూ కవరూ చూసి "పదండమ్మా, పదండి" అన్నాడు మర్యాదగా. ఆయన చొక్కా పట్టుకోని, సామీ, ఈ మనిషిని ఊదించు అని అరవాలనిపించింది. అరిస్తే ఇంటికి పోయినాక నా గతేంటి? నోరు మూసుకున్నాను. కొంచెం దూరం పోయినాక మలుపులో మామిడికాయల ట్రాక్టరు ఎదురొచ్చింది. ఈయన బండి పక్కకు తిప్పినాడు. నేను ఎగిరి కంకర మీద పడినాను. ఆయనకు గీత గూడా పడలా.

తుంటి ఎముక ఇరిగింది. రాడ్డు వేసి, ఇంక బండెక్కొద్దు అన్నాడు డాక్టరు. చూడొచ్చినోళ్ళంతా బత్తాయిలు ఇచ్చి, టైం బాలేదమ్మా అన్నారు. మా అత్త అయితే "పోలీసోళ్ళకు దొరకలా, అదే మేలు" అనింది. ఈయన మంచం పట్టె పట్టుకోని ఏడ్చినాడు. నా మీద ఒట్టు పెట్టినాడు, ఇంక ముట్టనని. ఆ ఒట్టు నేను కర్ర పట్టుకోని నడిచేదాకా నిలిచింది.

మాకు ఒకే ఒక కూతురు. తిరపతిలో డిగ్రీ చదవతా ఉండాది. కాలేజీ పోటీలో, తాగి బండి తోలకూడదని గడగడా మాట్లాడి కప్పు తెచ్చింది. ఆ కప్పు టీవీ పక్కన పెట్టి, వచ్చినోళ్ళకంతా చూపించినాడు ఈయన. నిజంగానే మురిసిపోయినాడు.

పోయిన ఆదివారం మా ఆడబిడ్డ మనవడికి చెవులు కుట్టిస్తా ఉండారు. "పాపను తీసకపోతా" అన్నాడు ఈయన, సంచిలో కవరు ఉండాదా లేదా అని తడుముకుంటా.

"ఏంబ్బా, బస్సుకు పోగూడదా?" అన్నాను.

"బండి పెట్టుకోని బస్సుకు పోతారామే ఎవురైనా?"

బిడ్డను వంటింట్లోకి పిలిచినాను. నువ్వు పోవద్దు, కడుపునొప్పి అని చెప్పు, పుస్తకం పట్టుకోని కూసో అని చెప్పినాను. నేను పట్టుకోని నడిచే కర్ర చూపించినాను.

"నేను పోకపోతే నాయన ఒక్కడే పోతాడు గదమ్మా" అనింది. "దొరికితే లైసెన్సు పోతాది. యాడన్నా పడితే లేపేదానికి గూడా ఒక మనిషి ఉండడు."

నేను గూడా ఇన్నేండ్లు అదే అనుకోని ఎక్కినాను.

బయట హారను కొట్టినాడు. బిడ్డ మల్లెపూల మూర తెచ్చి నా చేతికిచ్చి, ఎనక్కి తిరిగి నిలబడింది.

"ముందర నుంచి చూసినా కనపడేటట్టు పెట్టుమా. పూలుంటే ఆపరంట, నాయన చెప్పినాడు."

గాలికి జారిపోకుండా పిన్నులు గట్టిగా పెట్టి పంపించినాను.