నీలం డబ్బాలో లేని చక్రం

మా బావ వైపర్లు బాగుచేస్తాడు. ఇంజను జోలికి పోడు, బ్రేకులు ముట్టుకోడు. అద్దం మీద అటూ ఇటూ ఊగే ఆ రెండు కడ్డీలూ, వాటిని ఊపే మోటారూ, అంతే ఆయన ప్రపంచం. ఇది కూడా ఒక పనేనా అని కొత్తవాళ్ళు నవ్వుతారు. మొదటి వాన పడ్డ రోజు మా షెడ్డు ముందు ఆగిన కార్ల వరస చూశాక మళ్ళీ నవ్వరు. ఎప్పుడో జోరువానలో వైపరు ఆగిపోయి ఎవరినో గుద్దేశాడనీ, ఆ బాధతోనే ఈ పని పట్టుకున్నాడనీ మా వీధిలో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. వట్టి కోతలు. ఆయన చేరిన గ్యారేజీలో మిగతా పనులన్నిటికీ మనుషులున్నారు, వైపర్లకు లేరు. అసలు సంగతి అదీ.

నేను ఆయనకు బావమరిదిని. పాత కార్ల విడిభాగాలు వెతికి తేవడం నా వంతు. తుక్కు దుకాణాల్లో, మూతపడ్డ గ్యారేజీల్లో నేను చెయ్యిపెట్టని మూల లేదు. ఆయన కూర్చుని చేస్తాడు, నేను తిరిగి తెస్తాను. ఇలా ముప్ఫై ఏళ్ళు గడిచాయి. మా అక్కకి మొగుడు కాబట్టి భరించాను గానీ, ఆయన నోటికి ఇంకొకడైతే మూడో రోజే పారిపోయేవాడు.

మా షెడ్డులో మూడు గోడలకీ అరలే. అరల నిండా బిస్కట్ల డబ్బాలు, పాలపొడి డబ్బాలు, రంగు డబ్బాలు. ఒక్కదాని మీద కూడా చీటీ ఉండదు. "చీటీలెందుకురా? బుర్ర లేనివాళ్ళకి," అనేవాడు. గోడకి వీపు పెట్టి కూర్చుని, "రెండో అర, ఎడంపక్క నుంచి నాలుగోది, తుప్పు మూత. తెగిన కేబులు కింద చూడు," అంటే, చెప్పిన వస్తువు చెప్పిన చోటే ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళతో దీని మీద టీ పందెం కాసేవాణ్ణి. ఎన్నడూ ఓడలేదు. ఆయనకు ఆ విషయంలో గర్వం మామూలుగా ఉండేది కాదు.

కిందటేడు ఆయనకు హెర్నియా ఆపరేషనైంది. మూడు వారాలు ఇంట్లోంచి కదలొద్దన్నారు. "ఈలోగా ఆ షెడ్డు కాస్త శుభ్రం చెయ్యరా, బొద్దింకలకి కాపురం పెట్టిచ్చినట్టుంది," అంది అక్క. నాకు ఎక్కడలేని హుషారూ వచ్చింది. పదేళ్ళుగా మూత తియ్యని డబ్బాలు మూడు కనిపిస్తే, వాటిలోదంతా తుక్కువాడి గోనెసంచిలో గుమ్మరించేశాను. ఖాళీ డబ్బాలు ఎక్కడివక్కడ పెట్టి, తలా గుప్పెడు మేకులు పోశాను. చేసిన వెధవపనికి ఈ తెలివి ఒకటి.

ఆర్నెల్ల తర్వాత రిటైరైన రైలు గార్డుగారు తన పాత కారు తీసుకొచ్చారు. మా అక్క కంటే వయసులో పెద్దది ఆ కారు. స్విచ్ వేస్తే మోటారు గుర్రుమంటోంది, వైపర్లు మాత్రం కదలడం లేదు. బావ మోటారు విప్పి, లోపలి ఇత్తడి చక్రాన్ని వేలితో తడిమాడు. పళ్ళన్నీ అరిగి నున్నగా ఉన్నాయి.

"ఇప్పుడిది దొరకదేమోనండీ?" అన్నారు గార్డుగారు దిగులుగా.

"మన దగ్గరే ఉందండీ. ఒరేయ్, మూడో అర, కుడి చివర, నీలం డబ్బా."

నేను ఖాళీ చేసిన మూడింట్లో అదొకటి. డబ్బా తెచ్చి ముందు పెట్టాను. బావ బోర్లించాడు. మేకులు చెల్లాచెదరయ్యాయి. వాటి వంక కాసేపు చూసి, "ఇందులోనే పెట్టానే. నువ్వేమైనా తీశావా?" అని అడిగాడు.

"లేదు బావా," అన్నాను.

గార్డుగారి ముందు నన్ను ఉతికి ఆరేస్తాడన్న భయం తప్ప ఆ అబద్ధానికి వేరే కారణం లేదు. ఒక పూట చిందులేసి మర్చిపోతాడనుకున్నాను. ఆయన చిందులెయ్యలేదు. స్టూలు మీద కూర్చుని, ఆ మేకుల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేశాడు.

బావ వాళ్ళమ్మ చివరి నాలుగేళ్ళూ ఎవరినీ గుర్తుపట్టలేదు. బావే దగ్గర కూర్చుని అన్నం తినిపించేవాడు. ఆవిడ తిని మూతి తుడిపించుకుని, "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగేది. మేకులేరుతున్న ఆయన మొహం చూస్తే ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా నోరు మెదపలేదు.

మర్నాటి నుంచి చీటీలు మొదలయ్యాయి. ప్రతి డబ్బా దింపి, లోపల ఏముందో చూసి, కాగితం మీద రాసి అతికించడం. నట్టు బిగించి, "నేను బిగించానా? నువ్వొకసారి చూడు," అనడం. ఇంటికి బయల్దేరి, సగం దారిలో తాళం సంగతి గుర్తొచ్చి వెనక్కి రావడం. "మీ బావకేమైందిరా? పప్పులో ఉప్పు సరిపోయిందా అని నేనడగాలి గానీ, తిన్నానా అని ఆయన నన్నడుగుతున్నాడు," అంది అక్క. ఎండ దెబ్బేమోనన్నాను.

ఓ రోజు మధ్యాహ్నం చేతులు తుడుచుకుంటూ, "వానలు మొదలయ్యేలోగా షెడ్డు మూసేద్దాం రా," అన్నాడు.

"అదేంటి బావా?"

"ఎవరి కారుకో నట్టు బిగించడం మర్చిపోయాననుకో. హోరున వాన, ఎదురుగా ఏం కనపడదు. ఆ కార్లో చంటిపిల్లలుంటే?"

కనీసం అప్పుడైనా చెప్పొచ్చు కదా. చెప్పలేదు. అలాంటి చక్రమే ఇంకోటి తెచ్చి, చప్పుడు చెయ్యకుండా నీలం డబ్బాలో పడేస్తే పీడా పోతుందనుకున్నాను. నాలుగు వారాలు కాళ్ళరిగేలా తిరిగాను. చివరికి ఊరవతల ఒక తుక్కు యార్డులో అదే రకం కారు గుల్ల కనిపించింది. సీట్లలోంచి గడ్డి మొలిచింది. స్టీరింగు మన కార్లకు అవతలి వైపు ఉంది. ఏ దేశం నుంచి వచ్చిందో పాపం అనుకున్నానే గానీ, అంతకు మించి ఆలోచించలేదు. మోటారు విప్పితే లోపల పళ్ళు చెక్కుచెదరని ఇత్తడి చక్రం. దాన్ని శుభ్రంగా కడిగి, నీలం డబ్బాలో మేకుల కింద దాచాను.

మర్నాడు ఏమీ ఎరగనట్టు, "బావా, ఆ డబ్బా అడుగు దాకా చూశావా?" అన్నాను.

ఆయన డబ్బా బోర్లించాడు. చక్రం దొర్లుకుంటూ వచ్చి ఆయన మోకాలి దగ్గర ఆగింది. ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెనక్కి తిప్పాడు. ఆ వెలుగు అక్కడే ఆరిపోయింది.

ఆ చక్రం వెనక చిన్న బొడిపె ఒకటి ఉంటుంది. స్విచ్ ఆపినప్పుడు వైపర్లు అద్దం అడుగుకి చేరాకే కరెంటు తెంచడం దాని పని. స్టీరింగు అవతలి వైపున్న కార్లకు ఆ బొడిపె సరిగ్గా ఎదురు పక్కన ఉంటుంది. ఆ చక్రాన్ని మన కారుకి వేస్తే వైపర్లు పడుకోవు, డ్రైవరు కళ్ళ ముందే నిటారుగా నిలబడిపోతాయి. ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. ఆ హడావుడిలో పళ్ళు చూశాను గానీ బొడిపె చూడలేదు.

"ఇది అవతలి స్టీరింగు కార్లదిరా," అన్నాడు మెల్లిగా. "మన కార్లకు పనికిరాని చక్రాన్ని నేను దాచిపెట్టను. దాచానంటే, అప్పుడే నాకు తేడా తెలియలేదన్నమాట. నిన్న ఈ మేకులన్నీ చూశాను కూడా. ఇది కనపళ్ళేదు. అమ్మకీ ఇలాగే మొదలైంది."

ఇంకేం దాచను? మూడు డబ్బాల సంగతి, గోనెసంచి, తుక్కు యార్డు, మొత్తం చెప్పేశాను. చెబుతున్నంత సేపూ నేల చూపులే చూశాను.

బావ ఆ చక్రాన్ని కిటికీ గట్టు మీద పెట్టాడు. తర్వాత, "నీలంది కాక ఇంకేవి?" అన్నాడు.

"రెండో అరలో గుండ్రటి బిస్కట్ల డబ్బా. కిటికీ పక్క పాలపొడి డబ్బా."

కళ్ళు మూసుకున్నాడు. "గుండ్రటి దాంట్లో తొమ్మిది స్ప్రింగులు. ఒకటి తెగింది. ఒక తెల్ల స్విచ్చి, మూల పగిలింది. పాలపొడి దాంట్లో రబ్బరు బుడిపెలు, దారంతో కట్టినవి. ఎర్ర దారం. అవునా?"

స్ప్రింగులు నేను లెక్కపెట్టలేదు. కానీ ఆ తెల్ల స్విచ్చి దొర్లిపోతే వెంటపడి పట్టుకుని మరీ సంచిలో వేశాను. ఎర్ర దారం కూడా నా కళ్ళారా చూశాను. "అవును బావా," అన్నాను.

అప్పుడు మొదలుపెట్టాడు. అరగంట ఏకధాటిగా తిట్టాడు. నన్ను తిట్టాడు, నా తెలివిని తిట్టాడు, నాకు పిల్లనిచ్చిన మామగారి కంటిచూపుని తిట్టాడు. టీ కొట్టాయన వచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు. తిట్లు తింటూ నేనంత సుఖంగా ఎన్నడూ లేను.

తిట్టడం అయ్యాక ఆ చక్రాన్నే పట్టుకుని కూర్చున్నాడు. బొడిపెను రంపంతో కోసి, ఎదురు పక్కన కొలత చూసి టంకం పెట్టి అతికించాడు. సాయంత్రానికి మోటారు బిగించి, గార్డుగారికి కబురు పెట్టాడు. ఈసారి నట్టు చూడమని నన్ను అడగలేదు.

పరీక్ష ఆయన ఎప్పుడూ బయట నిలబడి చెయ్యడు. డ్రైవరు సీట్లో తనే కూర్చుంటాడు. గార్డుగారు బయట నుంచి చెంబుతో అద్దం మీద నీళ్ళు పోశారు. నేను పక్క సీట్లో ఉన్నాను. స్విచ్ వేస్తే వైపర్లు నీళ్ళని తుడుచుకుంటూ ఊగాయి. ఆపితే చక్కగా కిందకి వెళ్ళి పడుకున్నాయి. రెండోసారి వేసి ఆపాడు, మూడోసారీ వేసి ఆపాడు.

"ఆరు వారాలురా," అన్నాడు అద్దం వంకే చూస్తూ. "పొద్దున మెలకువ రాగానే కళ్ళు తెరిచేవాణ్ణి కాదు. ముందు పేర్లు అనుకునేవాణ్ణి, ఉన్నాయో పోయాయోనని. మీ అక్క పేరు, పిల్లల పేర్లు, ఆఖర్న నీ పేరు. నీది కూడా గుర్తొచ్చాకే మంచం దిగేవాణ్ణి."

ఇంకో చెంబు పొయ్యనా అని గార్డుగారు బయట నుంచి అడిగారు. నాకు ఏడుపొచ్చేసింది. బావే కిటికీలోంచి చెయ్యి బయటకి పెట్టి, చాలని చెప్పాడు.