అక్క రాయనివ్వని చిరునామా

మంగళవారం పొద్దున మత్రాలోని కొట్టు నుంచి మా ఆయన ఫోన్ చేసి, "అక్క పోయిందట" అన్నారు. గుండెపోటు. ఆసుపత్రిలో నా చేతికిచ్చిన సంచిలో ఒక చీర, కళ్లద్దాలు, ఆమె ఫోను ఉన్నాయి. నా బెంగంతా ఆ ఫోను గురించే.

అక్క నాకు చుట్టం కాదు. కడప పక్క పల్లె నుంచి ఇంటిపనికని ఈ అరబ్బు దేశానికి వచ్చి, ఒక ఇంట్లో తొమ్మిదేళ్లు గేటు దాటకుండా బతికింది. పాస్‌పోర్టు యజమాని దగ్గరే, జీతమూ ఆయన దగ్గరే. బయటపడ్డాక ఊరికి వెళ్లిపోలేదు. మా పక్క వాటాలో బట్టలు కుట్టుకుంటూ, తనలాంటి ఆడవాళ్ల కోసం తిరిగింది. ఎవరైనా ఆమె పనిమనిషిగా ఉండేదంటే ఒప్పుకునేది కాదు. "పనికైతే జీతముంటాది, సెలవుంటాది. నాకు రెండూ లేవు. నేను బానిసనే. చెప్పేదానికి నాకు లేని సిగ్గు మీకెందుకు?"

ఒక శుక్రవారం ఘాలాలో మనవాళ్ల సమావేశానికి నన్నూ తీసుకెళ్లింది. కుర్చీల్లో అందరూ మగవాళ్లే. జగిత్యాల మేస్త్రీ ఒకాయన, "ఆడోళ్ల ముచ్చట తర్వాత జూద్దాం అక్కా, మా కంపెనీ లొల్లే ఒడుస్తలేదు" అన్నాడు.

"మీరు బస్సెక్కి వస్తిరి నాయనా. వాళ్లు గేటే దాటలేరు. అందుకే నేను వచ్చినా" అంది అక్క, కూర్చోకుండానే.

ఆడవాళ్లకూ వారానికో సెలవు కావాలని, ఎవరి పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండాలని రాసిన అర్జీ మీద మొదటి సంతకం ఆ మేస్త్రీదే. దాన్ని పట్టుకుని అక్క ఎక్కని ఆఫీసు మెట్లు లేవు.

ఆమెకు చదువు రాదు. నోటుపుస్తకంలో గడులు గీసి నేను రాసేదాన్ని: పేరు, ఉన్న ఇల్లు, తెచ్చిన ఏజెంటు, ఊళ్లో ఫోను. నిజ్వాలో ఉన్న ఒకామె ఇల్లు మాత్రం రాయనివ్వలేదు. ఎక్కడా రాయించనని ఆమెకు మాటిచ్చిందట.

"నువ్వు మర్చిపోతేనో?" అన్నాను.

"ఏమ్మే, అప్పుడే నన్ను ముసలిదాన్ని చేస్తివే" అని నవ్వింది. పోతే ఎలా అని అడగడం నాకు తోచలేదు.

ఆ నిజ్వా ఆమెను బయటికి తెచ్చే కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఇల్లే తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లోవాళ్లు నమాజుకు వెళ్లాక ఆమే అక్క ఫోనుకు చేస్తుంది. మనం చేయకూడదు, అక్కడ ఆమె దాచుకున్న ఫోను మోగితే దొరికిపోతుంది. కొత్త గొంతు వింటే పెట్టేస్తుందేమో, ఇక ఎప్పటికీ చేయదేమో అని మూడు రోజులు ఆ ఫోను చేతిలోంచి దించలేదు.

మొన్న శుక్రవారం మోగింది.

"అక్కా" అందొక సన్నని గొంతు. వెనక కుళాయి నీళ్ల చప్పుడు.

ఇల్లెక్కడని ముందు అడగాలనుకున్నాను. అడగలేకపోయాను. "అక్క పోయిందమ్మా. నేను ఆమె పక్కింటిదాన్ని."

ఆమె ఫోను పెట్టేయలేదు. గుసగుసగా, "నిన్నేమని పిలవాల?" అంది.

జవాబు చెప్పేలోగా అవతల ఎవరో తలుపు తట్టారు. మాట బయటికి వినబడకుండా ఆమె కుళాయి పూర్తిగా తిప్పేసింది. నా చెవి నిండా నీళ్ల హోరు.